గాజురాయికి పేరైనవాడు

ఫెస్ట్ డ్రెస్సుల మీద మెరిసే రాళ్లని ఫ్రెంచి, జర్మన్ వాళ్లు ఇప్పటికీ ‘స్ట్రాస్’ అంటారు. అదొక మనిషి పేరు. జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ 1701లో స్ట్రాస్‌బర్గ్ పక్క పల్లెలో పుట్టి, 1724లో పారిస్ చేరాడు. అక్కడ రొకోకో మోజు: పువ్వులు, రిబ్బన్లు, తీగల వంపులు. కొవ్వొత్తి వెలుగులో నగ తళుక్కుమనాలి. వజ్రాలేమో అందరికీ అందవు.

ఇతను సీసం బాగా కలిపిన గాజుని వజ్రంలా సానబట్టాడు. సీసంతో రిఫ్రాక్టివ్ ఇండెక్స్ పెరుగుతుంది, మన ఫిజిక్స్ ల్యాబ్ సంగతే! రాయి వెనక రేకు పెడితే ఇంకా మెరుపు. నకిలీ అని తీసిపారేస్తే నేనొప్పుకోను. వజ్రాన్ని ఎక్కువ కోస్తే డబ్బు పోతుంది. గాజుని డిజైన్ అడిగిన ఆకారంలో కోయొచ్చు, రాయికీ రాయికీ సందు లేకుండా పొదగొచ్చు. 1734లో ఏకంగా రాజుగారి నగల వర్తకుడయ్యాడు. 1773లో పోయాడు.