ఫ్రాంక్లిన్ మహాశయుని పుస్తకభాండాగారము

మన సంఘమునకు గ్రంథదానము చేయఁదలఁచు దాతలకొఱకు ఈ చరిత్రమును వ్రాయుచున్నారము.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో అమెరికాలోని బోస్టన్ పట్టణమున, సబ్బులును కొవ్వువత్తులును చేయువాని యింట జనించెను. అచ్చుపని నేర్చి ఫిలడెల్ఫియా చేరెను. అచట మిత్రులందఱు తమ పుస్తకముల నొక్కచోఁ జేర్చిరి. జాగ్రత్తపఱచువారు లేక యేఁడాదికే యెవరివి వారు గొనిపోయిరి. ఉమ్మడి సొత్తునకుఁ బట్టు నీ గతిని మేము పాఠశాలలోఁ బలుమాఱు కంటిమి.

ఆతఁడు నిరాశ చెందక 1731లో 50 మంది చందాదారులను గూర్చెను. ప్రవేశమునకు 40 షిల్లింగులు, ఏఁటేఁట 10 షిల్లింగులు. వారమున కొకదినము గ్రంథము లిచ్చుచుండిరి. సరిగా మరలఁ దేనిచో రెట్టింపు వెల చెల్లింతునని పుచ్చుకొనువాఁడు పత్రము వ్రాసి యీయవలయును. ఇది కఠినమని కొంద ఱనవచ్చును. మా కట్లు తోఁపదు. పత్ర మున్నచో గ్రంథ మెవరియొద్ద నున్నదో తెలియును గదా!

తొలి భాండాగారికుని తరువాత ఫ్రాంక్లినే 1733-34లో మూఁడు మాసము లా పని చేసెను. ఆతఁడు 1790లో గతించెను.