రెండేళ్లు మాట్లాడని అబ్షాలోము

ఇశ్రాయేలంతటా అబ్షాలోమంత అందగాడు లేడు. అతని చెల్లెలు తామారును సవతి అన్న అమ్నోను జబ్బు నటించి రప్పించుకుని బలాత్కరించాడు. రొట్టెలు చేసి పెట్టమని ఆమెను ఆ ఇంటికి పంపింది తండ్రి దావీదే! రాజుకు కోపమైతే వచ్చింది గానీ కొడుకును దండించలేదు. బత్షెబ విషయంలో తానే దోషి, ఏ ముఖంతో దండిస్తాడు? అబ్షాలోము మాత్రం చెల్లెలికి తన ఇంట నీడనిచ్చి, అమ్నోనుతో మంచీ చెడూ మాట్లాడకుండా రెండేళ్లు ఆగాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే కాలంలో విందు పెట్టి, అమ్నోనును పంపమని రాజును బతిమాలాడు. ఈసారీ దావీదే పంపాడు! అమ్నోను ద్రాక్షారసపు మత్తులో ఉండగా పనివాళ్ల చేత చంపించాడు. మూడేళ్లు తాతగారి గెషూరులో తలదాచుకున్నాడు. తిరిగొచ్చాక మరో రెండేళ్లు తండ్రి అతని ముఖమే చూడలేదు. ఆపైన తండ్రి మీదే తిరగబడి, యోవాబు చేతిలో చనిపోయాడు. అబ్షాలోముకు ఒక కూతురుండేది. ఆమె పేరు కూడా తామారే.