ఫెస్సెండెన్: స్పార్క్‌ని నమ్మని మనిషి

అనలాగ్ కమ్యూనికేషన్స్ చదివిన వాళ్లకి ఏఎం అంటే ఒక ఈక్వేషన్. ఆ ఈక్వేషన్ కోసం జీవితమంతా గొడవపడిన మనిషి రెజినాల్డ్ ఫెస్సెండెన్.

1866లో కెనడాలోని క్యుబెక్‌లో ఒక ఫాదరీ గారింట్లో పుట్టాడు. డిగ్రీ పూర్తి చెయ్యలేదు. అయినా ఎడిసన్ దగ్గర కెమిస్టుగా పనిచేసి, ఆ తర్వాత ఎలక్ట్రికల్ ప్రొఫెసరయ్యాడు. ఇప్పటి రూల్సయితే మన కాలేజీ గేటు కూడా దాటనివ్వరు!

అప్పట్లో వైర్‌లెస్ అంటే మార్కోనీ స్పార్కే. నిప్పురవ్వ ఆరగానే తరంగమూ ఆరిపోతుంది. చుక్కలు, గీతలు పంపడానికి అది చాలు, గొంతుకి చాలదు. తరంగం ఆగకుండా రావాలి, దాని ఎత్తుపల్లాల్లో మాట కూర్చోవాలి అన్నది ఫెస్సెండెన్ పట్టుదల. 1900 డిసెంబరు 23న మేరీలాండ్‌లోని కాబ్ ఐలాండ్‌లో, మైలు దూరంలో ఉన్న సహాయకుణ్ణి అక్కడ మంచు పడుతోందా అని అడిగాడు. సెకనుకి పదివేల స్పార్కుల రొదలో ఆ మాట ఎలాగో వినబడింది.

రొద పోవాలంటే స్పార్కే పోవాలి. అందుకని జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లచేత హైఫ్రీక్వెన్సీ ఆల్టర్నేటర్ చేయించాడు. దాన్ని తయారుచేసింది అలెగ్జాండర్సన్. 1906 డిసెంబరు 21న బ్రాంట్ రాక్ నుంచి 11 మైళ్ల అవతల ప్లిమత్‌కి మాట శుభ్రంగా చేరింది. మూడు రోజులకి క్రిస్మస్ ప్రోగ్రాం ఇచ్చాడని కూడా అంటారు గానీ, దానికి ఆధారం 1932లో ఆయనే రాసిన ఉత్తరం. నేను 21నే నమ్ముతాను.

అసలు చిక్కు పవర్ దగ్గరుంది. ఆయన కార్బన్ మైక్‌ని నేరుగా యాంటెన్నా లైన్లోనే పెట్టాడు. మొత్తం కరెంటు మైక్‌లోంచే పోవాలి కాబట్టి అది కాలిపోయేంత వేడెక్కేది. నీళ్లతో చల్లార్చే మైక్ చేసుకున్నాడు పాపం. మాది కాశీబుగ్గ. మా ఇంట్లో పలికేది విశాఖ ఆకాశవాణి, 927 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్లు. 2018లో తిత్లీకి ఉద్దానం కొబ్బరితోటలు, కరెంటు స్తంభాలు కూలిపోయి సెల్‌ఫోన్లు మూగబోతే, బ్యాటరీ రేడియోలో అది మాత్రం వినబడింది. అంత క్యారియర్‌ని పూర్తిగా మాడ్యులేట్ చెయ్యాలంటే సైడ్‌బ్యాండ్లకే ఇంకో 50 కిలోవాట్లు కావాలి. ఏ మైకూ మొయ్యలేదు. వాల్వులొచ్చాకే అది కుదిరింది.

గాలి ఆయన్నీ వదల్లేదు. 1906 జనవరిలో అట్లాంటిక్ దాటి స్కాట్లాండ్‌తో టెలిగ్రాఫ్ సందేశాలు అటూ ఇటూ నడిపాడు. డిసెంబరు 5న పెనుగాలికి అక్కడి 420 అడుగుల టవర్ కూలిపోయింది. మళ్లీ కట్టలేదు. 1911లో భాగస్వాములు సొంత కంపెనీలోంచే ఆయన్ని వెళ్లగొట్టారు. అక్కణ్ణుంచి ఏళ్లకేళ్లు కోర్టులే. మధ్యలో, టైటానిక్ మునిగిన రెండేళ్లకి, ప్రతిధ్వనితో మంచుకొండని కనిపెట్టే యంత్రం చేసి చూపించాడు.

1928లో ఆర్‌సీఏ 5 లక్షల డాలర్లిచ్చి కేసు ముగించుకుంది. 1932 జూలై 22న బెర్ముడాలో చనిపోయాడు. అప్పటికే అమెరికాలో 50 కిలోవాట్ల ఏఎం స్టేషన్లు రోజూ మోగుతున్నాయి, ఒక్కటీ స్పార్క్ మీద కాదు.