చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు

మన పాఠశాలలో వక్తృత్వపు పోటీ జరిగిన దినమున బాగుగా మాటలాడిన బాలునకు బహుమాన మిత్తుము. సభ యెల్ల కరతాళధ్వనులతో వానిని గౌరవించును. బాగుగా విన్న బాలునకు బహుమాన మిచ్చు నాచార మెచ్చటను గానరాదు. అయినను వినుట నేర్వనివాడు పలుకుటయు నేర్వజాలడు. ఈ సత్యమునకు మన గోదావరీ సీమయందే పుట్టి పెరిగిన యొక మహనీయుని జీవితము చక్కని నిదర్శనము. ఆయన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు.

వీరు 1867 వ సంవత్సరము సెప్టెంబరు 26 వ తేదీని ఖండవల్లి గ్రామమున జన్మించిరి. బాల్యము వీరవాసరమున గడచెను. పిదప నరసాపురమునను, రాజమహేంద్రవరమునను ఆంగ్లవిద్య నభ్యసించిరి. వీరికి చిన్ననాటినుండియు రేచీకటి యుండెను. ప్రొద్దు గ్రుంకినచో పుస్తకములోని యక్షరములు గానరావు. దీపము ముందర గూర్చుండి చదువుకొను భాగ్యము వారికి లేదు. తోడి విద్యార్థులు బిగ్గరగా చదువుచుండగా వీరు ప్రక్కను గూర్చుండి వినెడివారు. విన్నదానిని మనస్సున నిలుపుకొనెడివారు. కన్ను చేయలేని పనిని చెవి చేయవలసి వచ్చెను. మనము పరాకుగా విన్నను మరల పుస్తకము విప్పి చూచుకొనవచ్చును. రాత్రివేళ వారికట్టి వీలు లేకుండెను. కావున ఒక్కమారు వినునప్పుడే సారమేది, పొట్టేది యని యేర్పరచుకొను నలవాటు వారికి గలిగెను.

యౌవనముననే వారు నాటకరచనకు బూనిరి. రాజమహేంద్రవరమున ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి నాటకసమాజము వీరి నాటకముల నాడుచుండెను. తరువాతి కాలమున ఆంధ్రకేసరి యని పేరొందిన టంగుటూరి ప్రకాశము గారు విద్యార్థిగా నున్నప్పుడు ఈ నాటకములందు వేషములు ధరించిరి. వీనిలో గయోపాఖ్యానము మిక్కిలి ప్రసిద్ధము. శ్రీకృష్ణుని కోపమునకు గురియైన గయుడను గంధర్వుడు అర్జునుని శరణు వేడును. తన్ను చంప బూనినవాడెవ్వడో పూర్తిగా వినకమునుపే అర్జునుడు అభయ మిచ్చును. పిమ్మట మాట తప్పజాలడు. ప్రాణసఖునితోనే పోరవలసి వచ్చును. కృష్ణార్జునులు పరస్పరము వాదించుకొను ఘట్టము కొరకు జనులు దూరగ్రామములనుండి బండ్లు కట్టుకొని వచ్చెడివారు. ఆ వాదములోని చమత్కారమునకు మెచ్చుకొన్న మనము, అంతటి కలహమునకు మూలము తొందరపడి వినుటయే యని గూడ గుర్తింపవలదా?

వారి శ్రవణశక్తికి గొప్ప పరీక్ష 1907 వ సంవత్సరము ఏప్రిలు మాసమున వచ్చెను. 1905 లో వంగదేశము రెండుగా విభజింపబడుటచే దేశమంతటను కలత పుట్టియుండెను. ఆ సమయమున బిపినచంద్ర పాలు గారు రాజమహేంద్రవరమునకు విచ్చేసి కొన్ని దినములు వరుసగా ఉపన్యసించిరి. ఆయన గొప్ప వక్త. కాని యాయన పలికినది ఆంగ్లము. సభకు వచ్చినవారిలో ఆ భాష నెరుగనివారే యధికము. ఆ యుపన్యాసములను తెనుగున వినిపించు భారము లక్ష్మీనరసింహము గారిపై బడెను.

ఇది సులభమైన పనియా? అనువాదకుడు వక్త యనని మాట ననరాదు. అనిన మాటను విడువరాదు. తన యభిప్రాయమును నడుమ జొనిపినచో వక్తకు ద్రోహము. అర్థము కాని మాటలతో గప్పిపుచ్చినచో శ్రోతలకు ద్రోహము. తానుగూడ ఆవేశమునకు లోనై వినుట మరచినచో పని యంతయు చెడును. లక్ష్మీనరసింహము గారు ఆ భారమును నిర్వహించిరి. అంతియకాదు, ఉపన్యాసముల సారమునెల్ల ఒక్క పద్యమున నిమిడ్చి సభలో జదివిరి. పాడియావును, పాలు దొరకని లేగదూడలను, పాలు పితుకు గొల్లవారిని బోల్చి దేశస్థితిని దెలిపిన యా పద్యము నాటినుండి ఆంధ్రదేశమంతట జనుల నోళ్ల నాడెను. ఆవును, దూడను ఎరుగని పల్లెవా డెవ్వడు? శ్రోతల కనుదినము పరిచయమైన వస్తువుతో చెప్పిన మాట వారి హృదయమున నాటుకొనును.

అయితే మాటకు బలమున్నట్లే ఫలమును గలదు. ఆ దినములలో వందేమాతర ముద్రికలు ధరించిన విద్యార్థులపై కళాశాలాధికారు లాగ్రహించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు చదువునకు దూరము చేయబడిరి. వేదికపై నిలిచి పలుకువాడు తన మాట విన్నవా రెట్టి కష్టమునకు లోనగుదురో యోచింపవలయును. వినువాడును తాను చేయబోవు పనికి తానే బాధ్యుడని యెరుగవలయును.

లక్ష్మీనరసింహము గారు మాటలతోనే తృప్తి నొందలేదు. వీరేశలింగము పంతులు గారి సంస్కారభావములు వారి మనస్సున నాటుకొనియుండెను. 1909 లో, నాటి సంఘము దూరముగా నుంచిన జాతుల పిల్లల కొరకు రాజమహేంద్రవరమున రామమోహన పాఠశాలను స్థాపించిరి. సభలలో సమత్వమును గూర్చి విని తలయూచి యింటికి పోవువారు పెక్కండ్రు. విన్నది నిజమని తోచిన పిదప దానిని చేతలలో జూపువారు కొందరే.

పిమ్మట వారి చూపు పూర్తిగా నశించెను. అట్లయ్యు స్వీయచరిత్రమును తాము చెప్పుచు నితరులచే వ్రాయించిరి. చిన్ననాట చెవితో గూర్చుకొన్న ధనము కన్నులు పోయిన పిదపను తరుగలేదు. 1943 లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుద మొసగెను. 1946 జూను 17 వ తేదీని వారు కీర్తిశేషులైరి.

విద్యార్థులారా! ఈ సారి చర్చాసభలో మీరు కూర్చుండినప్పుడు ప్రతిపక్షి మాటలాడుచుండగా మీ ప్రత్యుత్తరమును కూర్చుకొనుట మానుడు. అతడు చెప్పిన దేమి? దానికి జూపిన కారణ మేమి? చెప్పక దాచిన దేమి? ఈ మూడింటిని మీలో మీరే యడిగికొనుడు. తదుపరి లేచి, మొదట అతని వాదమును అతడే యొప్పుకొనునట్లు న్యాయముగా చెప్పి, పిదప ఖండింపుడు. అట్లు చేసినచో బహుమానము వచ్చినను రాకున్నను సత్యమునకు మేలు చేసినవా రగుదురు.