జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్

జర్మనీదేశమున బవేరియాలోని స్ట్రాబింగ్ పట్టణమున 1787 మార్చి 6వ తేదీన జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ జన్మించెను. తండ్రి అద్దముల పనివాడు. బాలునికి పండ్రెండేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులిరువురును గతించిరి. సంరక్షకులు అతనిని మ్యూనిచ్ నగరమున నొక అద్దముల పనివాని కడ జీతము లేని శిష్యరికమునకు కుదిర్చిరి. ఆ యజమాని బాలుని ఆదివారపు పాఠశాలకు పోనీయడయ్యెను. ఇంట చదువుకొనుటకు గూడ సమ్మతింపడయ్యెను.

1801 జూలై 21న ఆ యిల్లు కూలెను. శిథిలముల క్రింద చిక్కిన బాలుని సజీవముగ వెలికి తీసిరి. అచటికి వచ్చిన బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ జోసెఫ్ అతనికి కొంత ధనమొసగెను. ఉట్‌ష్నైడర్ అను ప్రముఖుడు గ్రంథములు సమకూర్చెను. బాలుని జీవితము నాటినుండి మారెను.

1806లో ఫ్రాన్‌హోఫర్ ఉట్‌ష్నైడర్‌కు భాగమున్న పరికరముల కర్మాగారమున చేరెను. దూరదర్శినుల కటకములు నిర్దోషములు కావలెనన్న ఒక్కొక్క రంగు కాంతి గాజులో నెంత వంగునో సరిగా కొలువవలెను. అందులకు గుర్తులు వెదకుచు, 1814లో సూర్యకాంతిని పట్టకముగుండ పంపి దూరదర్శినితో చూడగా, రంగుల పట్టీలో సన్నని నల్లగీతలు పెక్కు కనబడెను. ఇంగ్లండున వొలాస్టన్ 1802లోనే కొన్నింటిని చూచియుండెను. ఫ్రాన్‌హోఫర్ 570కి పైగా గీతలను గుర్తించి, పటము గీసి, ముఖ్యమైనవానికి అక్షరములతో పేర్లిడెను. అవి యేల కలుగునో ఆయనకు తెలియదు. 1826 జూన్ 7న, 39 ఏండ్లకే, క్షయవ్యాధిచే మరణించెను.

ఆ గీతలు సూర్యునిపై నున్న వాయువుల వలన కలుగునని 1859లో కిర్కాఫ్ నిరూపించెను. పరమాణువు కాంతి నెట్లు గ్రహించునో 1913లో బోర్ వివరించెను. పరమాణువులోని ఎలక్ట్రానులకు మేడమెట్లవలె నియతమైన శక్తిస్థాయిలు గలవు. రెండు మెట్ల నడుమ నిలుచుటకు తావు లేదు. పైమెట్టు నెక్కుటకు ఆ రెండింటి భేదమునకు సరిపోవు కాంతినే ఎలక్ట్రాను గ్రహించును. పిదప దిగునపుడు ఆ కాంతిని నలుదెసలకు వెదజల్లును. అందుచే మనవైపు వచ్చు వెలుగులో ఆ రంగు కొరతపడును. ఆ కొరతయే నల్లగీత. ఏ మూలకపు మెట్లు ఆ మూలకమునవే గనుక, గీతలే దాని గుర్తులు. ‘డి’ గీతలు సోడియమువి. మంటలో ఉప్పు చల్లినపుడు కనబడు పసుపు వెలుగు ఆ చోటిదే.

1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునుండి సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని పరిశీలించెను. ఆ యేట జ్వాలలలో గమనింపబడిన పసుపుగీత ‘డి’ గీతల చెంతనున్నను వాని చోట లేదు. ఆ స్వల్పభేదమే హీలియమను నూతన మూలకమును తెలిపెను.

చదువవలదన్న యింట పెరిగిన బాలునికి గ్రంథములు సకాలమున లభించెను. తన కర్థము కాని దానిని గూడ ఆయన ఉన్నదున్నట్లు లిఖించి యుంచెను. ఆయన యిడిన అక్షరములనే శాస్త్రజ్ఞులు నేటికిని వాడుచున్నారు.