డబ్బా కొలత తప్పితే గడియారం తప్పుతుంది

బహ్రెయిన్‌లో పొద్దున ఆరైతే మన ఊళ్లో ఎనిమిదిన్నర. ఇంటికి ఫోన్ చేసేముందు రెండున్నర గంటలు కలుపుకోవడం ఇక్కడి తెలుగువాళ్లందరికీ అలవాటే. మరి అసలు ఒక సెకను అంటే ఎంత? దాన్ని తేల్చడంలో ముందున్న మనిషి లూయీ ఎస్సెన్. సైన్సు లోకంలో ఆయనది పెద్ద పేరు. సైట్లో టేపు, లెవెల్ పట్టుకుని బతికే మాకు ఆయన జీవితం చదివితే మన పనివాడే అనిపించారు.

ఎస్సెన్ 1908లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. అక్కడే చదువుకుని, 1929లో లండన్ దగ్గర టెడింగ్టన్‌లో ఉన్న నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరారు. 1938లో క్వార్ట్జ్ రింగ్ గడియారం తయారుచేశారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాడార్‌కు కావలసిన మైక్రోవేవ్ పనులు చేశారు. అప్పుడే కేవిటీ మీద ఆయనకు పట్టు దొరికింది.

కేవిటీ అంటే లోపల ఖాళీగా ఉండే లోహపు డబ్బా. బిందెలో నీళ్లు నిండేకొద్దీ చప్పుడు మారుతుంది కదా! అలాగే డబ్బా లోపలి కొలతను బట్టి ఏ తరంగం అందులో గట్టిగా మోగుతుందో తేలుతుంది. 1946లో ఎస్సెన్, గోర్డన్ స్మిత్ కలిసి అలాంటి డబ్బాను మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు వరకు కొలిచి, దాంతో కాంతి వేగం లెక్కగట్టారు. సెకనుకు 2,99,792 కిలోమీటర్లు వచ్చింది. మహాశాస్త్రవేత్త మైకెల్సన్ బృందం లెక్క 1935లో 2,99,774గా అచ్చయి ఉంది. అంత పెద్దాయన లెక్క తప్పంటే ఎవరు నమ్ముతారు? ఎస్సెన్ వాదనకు దిగలేదు. ఇంకా మంచి డబ్బా చేసి 1950లో మళ్లీ కొలిచారు. మళ్లీ దాదాపు అదే అంకె. 1983లో ప్రపంచం ఖాయం చేసిన విలువ 2,99,792.458. ఎస్సెన్ కొలతే నిలిచింది.

1955లో జాక్ ప్యారీతో కలిసి సీసియం అణువులతో గడియారం నడిపించారు. అందులో అణువులు సుమారు అర మీటరు దూరంలో రెండుచోట్ల మైక్రోవేవ్ తగులుతూ వెళ్తాయి. రెండు చివర్లా తరంగం ఒకే అడుగులో ఉండాలి. మన ట్యూబ్ లెవెల్‌లో గాలిబుడగ చేరితే రెండు చివర్లు ఎలా అబద్ధం చెబుతాయో, కేవిటీలో తేడా ఉంటే గడియారమూ అలాగే తప్పుతుంది. 1958లో అమెరికాకు చెందిన మార్కోవిట్జ్‌తో కలిసి తేల్చిన అంకె, సెకనుకు 919,26,31,770 కంపనాలు. 1967లో అదే సెకనుకు నిర్వచనం అయింది.

ఎస్సెన్ 1972లో రిటైరయ్యారు, 1997లో కన్నుమూశారు. తర్వాత వచ్చిన గడియారాల్లో అణువులను పైకి ఎగరేస్తారు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఒకే కేవిటీలోంచి వెళ్తాయి కాబట్టి రెండు చివర్ల తేడా పోయింది. అయినా డబ్బా లోపలే చిన్న తేడాలు మిగిలాయి. 2011లో ఆయన పనిచేసిన ల్యాబ్‌లోని గడియారానికి ఆ కేవిటీ తేడాలను కొత్తగా లెక్కగట్టారు. 13.8 కోట్ల ఏళ్లకు ఒక్క సెకను తేడా అని తేలింది.

మనకెందుకు ఇదంతా అంటారా? సైట్లో పాయింట్లు పెట్టే జీపీఎస్ నడిచేది అణుగడియారాల మీదే. శాటిలైట్ గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. కొన్నేళ్ల కిందట ఇక్కడే ఒక సైట్లో పిల్లర్ల వరసను మేము కొలిస్తే పైవాళ్లు ఇచ్చిన లెక్కకు తేడా వచ్చింది. ఎండకు స్టీలు టేపు సాగుతుంది. 30 మీటర్లకు ఇరవై డిగ్రీలు పెరిగితే దాదాపు 7 మిల్లీమీటర్లు. అదీ తీసేసి చూశాం, తేడా అలాగే ఉంది. డిప్లొమావాళ్ల మాట ఎవరు వింటారులే అని ఊరుకున్నాం. కాంక్రీట్ పోశాక పగలగొట్టాల్సి వచ్చింది. ఎండలో ఆ బ్రేకర్ పట్టుకుంది మన కుర్రాళ్లే.

ఆ రోజు మేము గట్టిగా వాదించక్కర్లేదు. ఎస్సెన్ లాగా మళ్లీ కొలిచి, కాగితం మీద రాసి ముందు పెడితే సరిపోయేది. ఇప్పుడు అలాగే చేస్తున్నాం.