కాంతిరేఖలో ఆకాశాన్ని చదివిన వైణు బప్పు

మన పశ్చిమ ప్రకాశం ప్రాంతీయులకు పలక కొత్త వస్తువు కాదు. మార్కాపురం గనుల రాతిపలకలపై ఎందరో బాలబాలికలు అక్షరాలు దిద్దుకొన్నారు. అయితే రాతిపలకపై వ్రాసినది అరచేతితో తుడిస్తే మాసిపోతుంది. ఖగోళశాస్త్రజ్ఞుని పలక అటువంటిది కాదు. అది వెండి లవణాల పూత గల గాజుపలక. దానిపై ఒకసారి పడిన నక్షత్రకాంతి చెరగక నిలుస్తుంది. అట్టి గాజుపలకపై ఒక తోకచుక్కను గుర్తించి, భారత ఖగోళశాస్త్రానికి కొత్త జవసత్త్వాలు చేకూర్చిన మహనీయుడు డాక్టర్ మనాలి కల్లాట్ వైణు బప్పు.

ఆయన జీవితాన్ని తెలుసుకొనడానికి ముందు హైదరాబాదు నగరాన్ని, అందలి ఒక ఉదారుని స్మరించుకోవాలి. నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ వృత్తిచేత శాస్త్రజ్ఞుడు కాడు. ఆకాశంపై మక్కువ గల ప్రభువు. 1901 ప్రాంతంలో ఆయన 15 అంగుళాల దూరదర్శినిని విదేశం నుండి తెప్పించి ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పారు. దానికి నిజామియా అని పేరు పెట్టారు. నక్షత్రాల ఛాయాచిత్రాలు తీయడానికి 8 అంగుళాల కెమెరా దూరదర్శినిని కూడ సమకూర్చారు. 1907లో ఆయన దివంగతులు కాగా, ఆయన కోరిక మేరకు మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం వేధశాలను స్వీకరించింది. పిమ్మట అది బేగంపేటకు తరలింది. ప్రపంచ దేశాల వేధశాలలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని నక్షత్రపట్టికను తయారుచేసిన మహాకార్యంలో హైదరాబాదు కూడ పాలుపంచుకొన్నది. 1919లో ఆ సంస్థ, ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహణలోకి వచ్చింది.

ఆ వేధశాలలో సహాయకునిగా పనిచేసిన కేరళీయుని కుమారుడే వైణు బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించిన ఆయన హైదరాబాదులోనే పెరిగారు. తండ్రి కొలువు కుమారునికి పాఠశాల అయింది. ఇతర బాలురకు రాత్రి నిద్రాసమయం కాగా, ఆయనకు అది అధ్యయనవేళ. నిజాం కళాశాలలో చదువుకొంటున్న కాలంలోనే, ఔత్సాహికునిగా, కాంతి పెరుగుతూ తరుగుతూ ఉండే చరతారలను పరిశీలించి శాస్త్రీయ వ్యాసాలు ప్రకటించారు. పదవి గాని పట్టా గాని చేతికి రాకముందే ఆయన శాస్త్రజ్ఞుడైనాడు.

హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో 1949లో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరారు. కొన్ని నెలలకే, జులై 2న తీసిన ఒక గాజుపలకపై ఆయన దృష్టి నిలిచింది. ఆ పలక తోకచుక్క కోసం తీసినది కాదు, నిత్యకృత్యంగా తీసినది. అందులో నక్షత్రాల నడుమ అపరిచితమైన ఒక మసక గుర్తు కనిపించింది. అది కొత్త తోకచుక్క అని తేలింది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకిర్క్‌ల పేర్లతో కలిపి దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు వచ్చింది. సూర్యుని ఒకమారు చుట్టిరావడానికి దానికి సుమారు 60,000 సంవత్సరాలు పట్టునని గణించారు. పసిఫిక్ ఖగోళ సంఘం ఆయనను డొనోహో పతకంతో సత్కరించింది.

డాక్టరేటు పొందిన పిదప కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన గావించిన పరిశోధన మరింత గణనీయమైనది. నక్షత్రకాంతిని పట్టకం వంటి సాధనంతో విడదీస్తే రంగుల పట్టీలో నల్లని గీతలు కానవస్తాయి. సూర్యుని వంటి, అంతకంటె చల్లని తారలలో కాల్షియం గీత నడుమ ఒక సన్నని వెలుగురేఖ ఉంటుంది. దాని వెడల్పు తార యొక్క నిజమైన ప్రకాశాన్ని అనుసరించి పెరుగుతుందని వారు నిరూపించారు. నిజప్రకాశం తెలిస్తే తార దూరం తెలుస్తుంది. గదిలో వెలిగే దీపం ఎంత పెద్దదో తెలిసినవానికి, అది ఎంత దూరాన ఉన్నదో ఊహించడం సులువు కదా! 1957లో ప్రకటితమైన ఈ సిద్ధాంతం విల్సన్-బప్పు ఫలితమని ప్రసిద్ధి గాంచింది.

విదేశాలలో సకల సాధనాలు అందుబాటులో ఉన్నప్పటికీ ఆయన 1953లో స్వదేశానికి మరలివచ్చారు. అప్పటికి మన దేశంలో ఆధునిక పెద్ద దూరదర్శినులు లేవు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలను నైనితాల్‌లో తీర్చిదిద్ది, 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకులైనారు. పిదప తమిళనాడులోని జవ్వాది కొండలలో చీకటి ఆకాశం గల కావలూరును ఎన్నుకొన్నారు. కొడైకెనాల్ కర్మశాలలోనే తయారైన 38 సెంటీమీటర్ల దూరదర్శినితో 1968లో అక్కడ పరిశీలన ఆరంభమైంది. 1972లో ఒక మీటరు దూరదర్శిని వచ్చింది. 1977లో యురేనస్ వలయాల ఆవిష్కరణలో కావలూరు పరిశీలకులకూ భాగం దక్కింది.

ఆయన పెద్ద కల మరొకటి: 93 అంగుళాల దూరదర్శినిని మన దేశంలోనే నిర్మించాలని. అది రూపుదిద్దుకొంటుండగా, అంతర్జాతీయ ఖగోళ సంఘాధ్యక్ష పదవిలో ఉన్న ఆయన 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్ నగరంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు మాత్రమే. నాటిన చేయి ఫలాన్ని అందుకోలేకపోయింది. 1986 జనవరి 6న ఆ దూరదర్శినికీ, కావలూరు వేధశాలకూ ఆయన నామకరణం జరిగింది.

విద్యార్థినీ విద్యార్థులారా! నేడు గాజుపలకల కాలం గతించింది. చిన్న దూరదర్శినికి కెమెరాను అమర్చి, హైడ్రోజన్ వెలువరించే 656.3 నానోమీటర్ల ఎర్రని కాంతిని మాత్రమే అనుమతించే వడపోత అద్దాన్ని పెట్టి, ఇంటి మేడపై నుండే నెబ్యులాల ఛాయాచిత్రాలు తీసే ఔత్సాహికులు ఉన్నారు. వడపోత వీధిదీపాల వెలుగును చాలవరకు అడ్డగిస్తుంది. నిమిషాల తరబడి సేకరించిన చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చితే వాయుమేఘం స్పష్టమవుతుంది. ఒక్క సన్నని కాంతిరేఖను ఎన్నుకొని ఆకాశాన్ని చూడటమే ఇందలి కిటుకు. కొడైకెనాల్‌లో శతాబ్దానికి పైబడి కాల్షియం కాంతిలో సూర్యుని చిత్రించిన పద్ధతి కూడ ఇదే.

గిద్దలూరు దాటి నల్లమల అంచులకు పోతే పట్టణపు వెలుగులు తగ్గుతాయి. అమావాస్య రాత్రి పాలపుంత కంటికే కనిపిస్తుంది. కావలూరు కొండలలో బప్పు వెదకినది అటువంటి చీకటినే. ఒక నవాబు తన ఇష్టంతో కొన్న దూరదర్శిని, ఒక సామాన్య ఉద్యోగి కుమారుని ప్రపంచ శాస్త్రజ్ఞుల వరుసలో నిలిపింది. కళాశాల పెద్దలు ఒక చిన్న దూరదర్శినిని, ఒక కెమెరాను సమకూర్చి, విద్యార్థులు ఓపికగా రాత్రులు మేల్కొంటే, ఏ పలకపై ఏ కొత్త చుక్క కనిపించనున్నదో ఎవరు చెప్పగలరు?